తలుపు తర్వాతి వరుస

పోయిన మార్చిలో మా సారీ-కెచ్యూ జిల్లా అకిమ్ ఎసెన్‌గుల్ మిర్జాయెవిచ్ గారు ఆ సంవత్సరాన్ని ‘మూసిన తలుపు సంవత్సరం’గా ప్రకటించారు. ప్రకటన జిల్లా పత్రిక మొదటి పేజీలో ఆయన ఫోటో కింద అచ్చయింది. ఫోటోలో ఆయన ఒక తలుపు ముందు నిలబడి ఉన్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఫోటోగ్రాఫరుకు వెలుతురు చాలలేదట.

జిల్లా మొత్తానికి అధికారి అకిమ్. ఆయన సంవత్సరానికి ఏ పేరు పెడితే మేం ఆ సంవత్సరమంతా ఆ పనిలో ఉంటాం. అంతకు ముందుది ‘పచ్చదనం సంవత్సరం’. అకిమ్ కార్యాలయం ముందు గడ్డికి కొట్టిన ఆకుపచ్చ రంగు ఇన్ని వానలు పడినా వెలవలేదు. రంగు సరఫరా చేసినవాణ్ణి నేనే కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

నా పేరు తుర్దుబై. బజారులో రెండు పాత రైలు కంటైనర్లు కలిపి కట్టుకున్న దుకాణం నాది. రంగులు, వైర్లు, ప్లగ్గులు, కంప్యూటర్ సామాను, ఏ సంవత్సరానికి ఏది కావాలంటే అది అమ్ముతాను. మనిషి గడప దాటగానే అతను కొనేవాడా, బేరమాడి పోయేవాడా, చలి కాచుకోవడానికి వచ్చినవాడా అని తూచడం నా వృత్తి. ఆ తూకంలో అకిమ్ గారు కొనేవారు. అందుకే ఆయనంటే నాకు నిజమైన గౌరవం.

మూసిన తలుపుకు కారణం ఒక గాడిద.

జిల్లా కార్యాలయాల్లోని కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టెలను స్విచ్‌లు అంటారు. ఊరికొకటి చొప్పున అవి నేను అమ్మినవే. వాటిని సరిచెయ్యడానికి ఊరూరా తిరగక్కర్లేదు, కూర్చున్న చోటి నుంచే పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళవచ్చు. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని ఆ పాస్‌వర్డును ప్రతి కార్యాలయంలోనూ క్యాలెండర్ పక్కన అంటించారు. ఎవరో పుణ్యాత్ముడు ఎక్కడినుంచో లోపలికి వచ్చి, ప్రధాన స్విచ్ పేరు మార్చిపోయాడు. ఫిబ్రవరి సమావేశంలో అకిమ్ గారు పెద్ద తెర ముందు నిలబడి డిజిటల్ జిల్లా గురించి మాట్లాడుతుండగా, సరిగ్గా ఆయన తలపైన, స్విచ్ తన పేరు చూపించింది. ‘గాడిద’. పక్కన ఒక గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎవరూ నవ్వలేదు. అంత క్రమశిక్షణ ఉన్న జిల్లా మాది.

ఆ పూటే సమావేశాన్ని భద్రతా సమావేశంగా మార్చారు. సరుకు అమ్మినవాణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు. మా ఇళ్ళలో తలుపుకు ఎదురుగా, అన్నిటికన్నా దూరంగా ఉండే చోటు పెద్దలది. అక్కడినుంచి వయసునూ హోదానూ బట్టి దిగుతూ వచ్చి, తలుపు దగ్గర, నీళ్ళు కాగే సమోవార్ పక్కన చాయ్ పోసే పిల్ల కూర్చుంటుంది. కార్యాలయంలోనూ అదే పద్ధతి. నేను తలుపుకు ఎనిమిది కుర్చీల అవతల కూర్చున్నాను. పోయినేడు పది కుర్చీల అవతల ఉండేవాణ్ణి, రంగు సరఫరా అయిపోయాక కొంచెం దిగాను.

చాయ్ పోసేది జీపార్. ముప్ఫై దాటని మనిషి, నోరు కాస్త పదును. నెట్‌వర్క్ ఇంజనీరు. కానీ అందరిలోకి చిన్నది కాబట్టి సమావేశంలో ఆమె పని చాయే. ఆ పని కూడా పద్ధతిగా చేస్తుంది. పియాలాలో, అంటే పిడి లేని చాయ్ గిన్నెలో, అడుగున నాలుగు గుక్కలే పోస్తుంది, మళ్ళీ మళ్ళీ అడగాలని. అది మర్యాద. మా దగ్గర పియాలా అంచుదాకా నింపి ఇచ్చారంటే, ఇక లేచి వెళ్ళమని అర్థం. ఆ సంగతి పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఆమె ఉద్యోగం కాంట్రాక్టుది, కొత్త సంవత్సరం దాకానే. పొడిగిస్తారో లేదో అకిమ్ గారి చేతిలో ఉంది. ఉద్యోగంతో పాటు సిబ్బంది హాస్టల్లో ఒక గది ఇచ్చారు. ఉద్యోగం పోతే గది పోతుంది. మా ఊళ్ళో జనవరిలో గది లేకపోవడమంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు.

‘దీనికి మార్గం ఏమిటి?’ అని అకిమ్ గారు అడిగారు.

జీపార్ సమోవార్ కట్టేసి లేచింది. ప్రతి స్విచ్‌లోనూ ఒక జాబితా పెట్టుకోవచ్చని చెప్పింది. ఏ కంప్యూటర్ నంబరు నుంచి వస్తే లోపలికి రానివ్వాలో అందులో రాస్తే, స్విచ్ ఆ నంబర్లను తప్ప ఎవరినీ గడప తొక్కనివ్వదు.

"ఒక్క వరుస చాలండి. నా కంప్యూటర్ నంబరు. అది పాడైతే ఉంటుందని ఇంకొకటి. మిగతా ప్రపంచానికి తలుపు దానంతటదే మూసుకుంటుంది."

"ఇంత జిల్లాకి రెండు వరుసలా?" అన్నారు అకిమ్ గారు. "పక్క జిల్లావాళ్ళు ఏమనుకుంటారు?"

"వాళ్ళకి కనపడదండి. కనపడకూడదనే కదా పెట్టేది."

"మరి నేను?"

"మీరు స్విచ్‌లోకి ఎందుకండీ?"

అకిమ్ గారు పియాలా కింద పెట్టి కిటికీలోంచి పచ్చగడ్డి వైపు చూశారు.

అప్పుడు ప్రోటోకాల్ అధికారి షెర్మత్ లేచాడు. షెర్మత్ ఒకప్పుడు పెళ్ళి విందులు నడిపించే మనిషి. మా విందుల్లో గొర్రె కోస్తే, ఏ ఎముక ఏ హోదా మనిషికి వెళ్ళాలో లెక్క ఉంటుంది. తొడ ఎముక వెళ్ళాల్సిన పళ్ళెంలో పక్కటెముక పడితే రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోతాయి. షెర్మత్ పంచిన విందులో ఆ పొరపాటు ఎన్నడూ జరగలేదు. ఆ అర్హత చూసే అకిమ్ గారు అతన్ని ప్రభుత్వంలోకి తీసుకున్నారు. జాబితాను తనకు వదిలెయ్యమనీ, జిల్లాలో ఏ ఒక్కరి మనసూ నొప్పించకుండా తలుపు మూసి చూపిస్తాననీ షెర్మత్ మాట ఇచ్చాడు.

ఆ వసంతమంతా జిల్లాలో వేరే కబురు లేదు. మొదటి వరుస ఎవరిదన్నది తేలడానికే చాలా రోజులు పట్టింది. చివరికి వయసు గెలిచింది. పాత సమష్టి క్షేత్రం చైర్మన్, తెల్లగడ్డం ముకాష్ గారికి మొదటి వరుస దక్కింది. ఎనభై ఎనిమిదేళ్ళు. మా ఊళ్ళో అందరూ ఆయన్ని అక్సకల్ అనే పిలుస్తారు, తెల్లగడ్డం పెద్ద అని. అకిమ్ గారు రెండో వరుసకు ఒప్పుకున్నారు. ఆయన వినయాన్ని పొగుడుతూ పత్రిక సంపాదకీయం రాసింది. సంపాదకుడికి పద్నాలుగో వరుస ఇచ్చారు.

తర్వాత రిటైరైన జడ్జి, కుస్తీ చాంపియన్, మసీదు ఇమామ్, అకిమ్ గారి వియ్యంకుడు, బజారు పెద్ద, ఇలా దిగుతూ వచ్చి బ్యాంకు మేనేజరు దగ్గర జాబితా ముగిసింది. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు కేటాయించి, బంగారు అంచున్న కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు. కాగితాలకు పటాలు కట్టింది నేనే. కొందరు పటంతో పాటు కంప్యూటర్ కూడా కొన్నారు. కుస్తీ చాంపియన్ మౌస్ ఒక్కటే కొన్నాడు, మిగతాది తర్వాత చూస్తానన్నాడు. ఒక పెళ్ళి సంబంధం కుదిరి కూడా ఆగిపోయింది. పిల్లవాడి తండ్రిది తొమ్మిదో వరుస అట, పిల్ల తండ్రికి వరుసే లేదట.

జాబితా స్విచ్‌లోకి ఎక్కించే ముందు రోజు, పటాల బిల్లు మీద సంతకం కోసం నేను కార్యాలయానికి వెళ్ళినప్పుడు, జీపార్, షెర్మత్ వాదించుకుంటున్నారు. బ్యాంకు మేనేజరు తర్వాత ‘మిగతా అందరికీ ప్రవేశం లేదు’ అన్న వరుస ఉంది. దాని కింద, అన్నిటికన్నా చివర, జీపార్ నంబరు ఉంది.

"షెర్మత్ బైకే, స్విచ్ పైనుంచి చదువుకుంటూ వస్తుంది," అంది జీపార్. పెద్దన్న వరసైనవాళ్ళను మేం బైకే అంటాం. "సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగిపోతుంది. ‘అందరికీ లేదు’ అన్నాక ఇంక కిందికి చూడదు. నా నంబరు దానికింద రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే."

"చాయ్ పోసే పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?"

"తలుపు దగ్గర."

"ఇందులో తలుపు ఏది?"

"ఆ వరుసే."

"మరింకేం?"

"తలుపు దగ్గరంటే లోపల బైకే. మీరు నన్ను బయట కూర్చోబెడుతున్నారు."

"ఒక్క వరుసే కదమ్మా తేడా. ఏం, బ్యాంకు మేనేజరు పక్కన చాయ్ పోసేదాన్ని కూర్చోబెట్టమంటావా? ఆయన లేచి వెళ్ళిపోతే అప్పులెవరిస్తారు?"

"ఆయనకి స్విచ్ అంటే ఏంటో తెలీదు."

"మర్యాద అంటే ఏంటో తెలుసు," అన్నాడు షెర్మత్.

ఆమె జాబితాతో అకిమ్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఓపిగ్గా విన్నారు. స్విచ్ పైనుంచి కిందికి చదవడం మన సంప్రదాయానికి తగినట్టే ఉందని మెచ్చుకున్నారు. కాంట్రాక్టు పొడిగింపు విషయం డిసెంబరులో చూద్దామని కూడా తనంతట తానే గుర్తు చేశారు. ఆమె బయటికి వచ్చి, ముద్ర వేసిన కాగితం చూసుకుంటూ, షెర్మత్ ఒక్కో వరుసా వేలితో సరిచూస్తుండగా, స్విచ్‌లన్నిటికీ జాబితా సిద్ధం చేసింది.

మర్నాడు ప్రారంభోత్సవం. ప్రధాన స్విచ్‌కు ఎర్ర రిబ్బను కట్టారు. అకిమ్ గారు కత్తిరించారు. ఆయన చెయ్యి బలమైనది, రిబ్బనుతో పాటు ఒక కేబుల్ కూడా తెగింది. కొత్త కేబుల్ నా జేబులోనే ఉంది. జీపార్ చివరి మీట నొక్కి, స్విచ్ లోంచి బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళబోయింది. తెర మీద ‘ప్రవేశం లేదు’ అని పడింది. సభ చప్పట్లతో మోగిపోయింది. ‘మొదటి నిమిషంలోనే మొదటి చొరబాటుదారును అడ్డుకున్న జిల్లా’ అని పత్రిక రాసింది.

ఆ తర్వాత జీపార్ పని కొంచెం పెరిగింది. దూరంనుంచి లోపలికి వెళ్ళే వీలు లేదు కాబట్టి, ఏ ఊళ్ళో స్విచ్ మొండికేసినా ఆ ఊరి వ్యాను ఎక్కి వెళ్ళి, నిచ్చెన వేసుకుని, స్విచ్‌కు నేరుగా కేబుల్ గుచ్చి సరిచేసి రావాలి. ఒకరోజు దుమ్ము కొట్టుకుని నా దుకాణానికి వచ్చి పొడుగాటి కేబుల్ అడిగింది. ఎందుకమ్మా అంటే, నిచ్చెన విరిగిందట, కింద నించునే పని చేసుకుంటుందట. పొడుగు కేబుల్ మీద లాభం ఎక్కువ. కానీ ఆమెకు మాత్రం నేను కొన్న ధరకే ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ లెక్క తేలలేదు.

ఎండాకాలం విందులో ఆమెకు ఊరట దొరికింది. జిల్లా దినోత్సవానికి గొర్రెలు కోశారు. షెర్మత్ ఎముకలు పంచాడు. గొర్రె తల ముకాష్ అక్సకల్ ముందు పెట్టారు. పెద్దలు తమ పళ్ళెంలోంచి కొంత తీసి, వడ్డించిన చిన్నవాళ్ళ చేతిలో పెట్టడం మా ఆనవాయితీ. అలా పెట్టిన వాటాను ఎవరూ కాదనరు. ఆయన జీపార్‌ను పిలిచి, చెవి ముక్క కోసి చేతిలో పెట్టాడు.

"నువ్వు నిచ్చెనలెక్కి తిరుగుతున్నావటే?"

"అవును తాతా."

"నాకేదో నంబరిచ్చారు, గోడకి తగిలించాం. నాకెందుకది? నా కళ్ళకి ఆనేది మా ముసల్ది బూరుల్ మొహం ఒక్కటే, అదీ దగ్గరికొస్తేనే. నా వాటా నువ్వు తీసుకో."

పక్కనే కత్తి పట్టుకుని నిలబడ్డ షెర్మత్ తల ఊపాడు. పెద్దవాళ్ళు తమ వాటా ఎవరికిస్తే వాళ్ళదేనని పైకే అన్నాడు. నా పళ్ళెంలో పక్కటెముక పెడుతూ అన్నాడు కాబట్టి నాకు బాగా గుర్తు.

స్విచ్‌కు ముఖాలు తెలియవు, నంబర్లే తెలుసు. మర్నాటినుంచి జీపార్ తన ల్యాప్‌టాప్‌కు ముకాష్ నంబరు పెట్టుకుంది. స్విచ్ లేచి నిలబడి దారి ఇచ్చినంత పని చేసింది. జిల్లాలో ఇంటర్నెట్ మళ్ళీ నడిచింది. నిచ్చెనల అమ్మకం తగ్గింది.

ఆగస్టులో ముకాష్ అక్సకల్ కాలం చేశాడు. కొండ మీద శ్మశానంలో మట్టి ఇచ్చాం. అకిమ్ గారు సమాధి దగ్గర మాట్లాడుతూ, ఆయన మనల్ని విడిచి వెళ్ళలేదన్నారు. ఆ మాట అందరికీ గుండెకు తగిలింది. జాబితాలోంచి పేరు తీసెయ్యాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు షెర్మత్ చెవులు మూసుకున్నాడు. పెద్దల చోటులో కూర్చున్న మనిషిని పోయాడని లేపేస్తామా? పైగా ఆయన్ని తీస్తే అందరూ ఒక్కో వరుస పైకి జరగాలి. పటాలన్నీ మళ్ళీ అచ్చు వెయ్యాలి. నేను సిద్ధమేనని చెప్పాను. కానీ పేరు ఉంచెయ్యడానికే నిర్ణయించారు.

డిసెంబరులో రాజధాని నుంచి తనిఖీ వచ్చింది. ఇల్గిజ్ కమీలోవిచ్ అనే ఆయన, నీట్‌గా గీసిన గడ్డం, మృదువైన గొంతు. జిల్లాల్లో ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు ఊరికే జీతం తీసుకుంటున్నారో తేల్చే అధికారం ఆయనది. జీపార్ కాంట్రాక్టు కాగితం కూడా ఆయన ఫైలులోనే ఉంది. సరఫరాదారుగా నన్ను మళ్ళీ పిలిచారు. జీపార్ సమోవార్ పక్కన ఉంది.

దూరంనుంచి ఏ నంబరుతో ఎప్పుడు లోపలికి వచ్చారో స్విచ్ తనే రాసుకుంటుంది. షెర్మత్ మనుషులు ఆ నంబర్ల పక్కన జాబితా ప్రకారం పేర్లు వేసి అట్ట కట్టి తెచ్చారు. తనిఖీ అధికారి తిరగేస్తూ ఆగాడు.

"ఈ ముకాష్ ఎవరు?"

"మా జిల్లాకి పెద్దదిక్కండి. మొదటి వరుస," అన్నారు అకిమ్ గారు.

"రోజూ వచ్చాడు. ఆదివారాలు కూడా వచ్చాడు. మిగతావాళ్ళు ఒక్కరూ ఒక్కసారి కూడా రాలేదు. వయసెంత?"

"ఎనభై ఎనిమిది దగ్గర ఆగారండి," అన్నాడు షెర్మత్.

"ఎక్కడుంటారు?"

"ఇప్పుడు కొండ మీదండి."

అధికారి కళ్ళజోడు తీశాడు. "ఈ వయసులో, కొండ మీద కూర్చుని జిల్లా నెట్‌వర్క్ నడుపుతున్నాడు. రాజధానిలో మావాళ్ళు లిఫ్టు పనిచెయ్యకపోతే ఆఫీసుకి రారు. ఆయన్ని కలవచ్చా?"

"తొందరేముందండీ," అన్నారు అకిమ్ గారు. "అందరం కలిసేవాళ్ళమే."

ఆ జవాబులోని లోతు మెచ్చి అధికారి దాన్ని ఫైలులో రాసుకున్నాడు. తర్వాత చివరి పేజీకి వచ్చాడు. "ఈ జీపార్ ఎవరు? ఇంజనీరు అని ఉంది. స్విచ్‌లోకి ఒక్కసారి కూడా రాలేదు."

"చాయ్ పోసే అమ్మాయండి," అన్నాడు షెర్మత్.

జీపార్ పియాలా కింద పెట్టింది. "ముకాష్ తాత పేరుతో ఉన్నవన్నీ నావేనండి. ఆయన తన వాటా నాకిచ్చారు. షెర్మత్ బైకే పక్కనే ఉన్నారు, అడగండి."

షెర్మత్ ఎండు ఆప్రికాట్ గింజను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. "అప్పుడు మాంసం పంచుతున్నానండి. ఎవరేమన్నారో వినే తీరిక లేదు."

ఆమె బల్ల చుట్టూ చూసింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను సమోవార్ మూత మీది చెక్కడం చూస్తున్నాను. చాలా నైపుణ్యం ఉన్న పని అది.

"చూడమ్మా," అన్నాడు అధికారి, గొంతు ఇంకా మృదువు చేసి. "వేరేవాళ్ళ నంబరుతో లోపలికి వచ్చానంటే అది చొరబాటు, కేసు పెట్టాలి. రాలేదంటే పనిచెయ్యలేదని రాస్తాను, ఉద్యోగం ఒక్కటే పోతుంది. నీ మేలు కోరి అడుగుతున్నాను. వచ్చావా, రాలేదా?"

జీపార్ సమోవార్ కట్టేసింది.

"రాలేదండి," అంది.

అకిమ్ గారు ఊపిరి పీల్చుకున్నారు. తనిఖీ అధికారి దయగల మనిషి, మాట నిలబెట్టుకున్నాడు, కేసు పెట్టలేదు. ఇంజనీరు పోస్టు రద్దు చేశాడు. ఆ ఖాళీలో ముకాష్ అక్సకల్‌ను డిజిటల్ భద్రతా ప్రధానాధికారిగా నియమించాలని సిఫార్సు చేశాడు. ఉత్తర్వు వారంలో వచ్చింది. మా జిల్లాకు పతకం కూడా వచ్చింది. ముకాష్ తరఫున అకిమ్ గారు అందుకున్నారు. ఈసారి ఫోటోలో తలుపు మూసే ఉంది.

జీపార్ గది ఖాళీ చేసింది. ఆమెను బూరుల్ అపా తన ఇంటికి తీసుకెళ్ళింది. ముకాష్ గారి భార్య ఆమె, మాకందరికీ తల్లిలాంటిది, అందుకే అపా అంటాం. పగలు జీపార్ నా దుకాణంలో పనికి కుదిరింది. మంచి ఇంజనీరు, గుమాస్తా జీతం. నా లెక్కలో ఇంత లాభసాటి బేరం ఈ మధ్య తగల్లేదు. అయినా ఆ రోజుల్లో గల్లా మూసేటప్పుడు ఏదో తేడా ఉన్నట్టే అనిపించేది.

జనవరిలో ప్రధాన స్విచ్ సేవా కేంద్రానికి వెళ్ళే దారి మూసేసింది. పింఛన్లు, పుట్టిన కాగితాలు, భూమి పత్రాలు అన్నీ అక్కడే. ప్లగ్ పీకి పెట్టారు. మళ్ళీ మూసేసింది. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి తెరవాలి. సేవా కేంద్రం బయట ముసలివాళ్ళు మంచులో కాళ్ళు కొట్టుకుంటూ నిలబడ్డారు.

అకిమ్ గారు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. జాబితాలోని పెద్దలందరినీ పిలిపించారు. అందరూ పటాలు పట్టుకుని వచ్చారు. కుస్తీ చాంపియన్ మౌస్ తెచ్చాడు. వరుస ప్రకారం కూర్చున్నారు. అందరికన్నా పైచోటు ఖాళీగా ఉంది. అక్కడే చిక్కు వచ్చింది. మా విందుల్లో పెద్దాయన చెయ్యి వెయ్యకుండా ఎవరూ రొట్టె తుంచరు. మొదటి వరుస లోపలికి వెళ్ళకుండా రెండో వరుస ఎలా వెళుతుంది? మీరు కానివ్వండని ఇమామ్ గారు అకిమ్ గారిని బతిమాలారు. పెద్దల కన్నా ముందు నేనా అని అకిమ్ గారు జడ్జి గారిని చూశారు. జడ్జి గారు గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచారు. ఎవరూ ఎవరినీ దాటలేదు. ఆ సంస్కారం చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. చీకటి పడేవేళకు పలావు వచ్చింది.

తిన్నాక అకిమ్ గారు ఖాళీ చోటు వైపు చూసి, ముకాష్ అక్సకల్ కొత్త సంవత్సరం నుంచి ఒక్కసారి కూడా విధులకు రాలేదేమని అడిగారు. రికార్డు చూశారు. నిజమే, డిసెంబరు చివర ఆగిపోయాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ ఆగస్టులో కొండ మీద మట్టి ఇచ్చినవాళ్ళే. కానీ ఎదురుగా ఉన్నది ప్రభుత్వ రికార్డు. పతకం ఇచ్చి నెల తిరక్కుండా ఇంత నిర్లక్ష్యమా అని అకిమ్ గారు బాధపడ్డారు. లిఖితపూర్వక వివరణ అడగమన్నారు.

మర్నాడు షెర్మత్ కారు చలికి స్టార్ట్ కాలేదు. నన్ను తోడు తీసుకుని నా వ్యానులో బూరుల్ అపా ఇంటికి వచ్చాడు. ఆమె అతన్ని ఎంతో మర్యాదగా తలుపుకు ఎదురుగా పైచోటులో, ముకాష్ కూర్చునే చాప మీద కూర్చోబెట్టింది. నేను మధ్యలో కూర్చున్నాను. జీపార్ తలుపు దగ్గర సమోవార్ పక్కన కూర్చుంది. గోడ మీద పటం ఉంది. నేను కట్టిన పటమే.

షెర్మత్ గొంతు సవరించుకుని కాగితం చదివాడు. ప్రధానాధికారి ముకాష్ అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందున కారణాలు తెలపాలి. అపా చివరిదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది.

"నన్ను కూడా అడక్కుండానే వెళ్ళాడు బాబూ," అంది.

"అది మీ ఇంటి విషయం అపా. నాకు కాగితం అందినట్టు ఒక సంతకం కావాలి. లేకపోతే అకిమ్ గారు నన్ను కేకలేస్తారు."

"నాకు రాయడం రాదు. జీపార్ పెడుతుంది. ఆయన వాటా దీనిదే కదా, నీ ఎదురుగానే ఇచ్చాడు."

షెర్మత్ జేబులోంచి మడిచిన జాబితా తీసి వేలితో పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. ఒక చోట ఆగి, కాగితం మడిచేశాడు. "కుదరదు అపా. ఈమె పేరు తలుపు తర్వాత ఉంది."

బయట సేవా కేంద్రం వైపు వెళ్ళే వీధిలో ఎవరో గట్టిగా దగ్గుతున్నారు. షెర్మత్ ఖాళీ పియాలా జీపార్ వైపు చాచాడు. విందుల మనిషి కదా, చాయ్ బావుందని కూడా మెచ్చుకున్నాడు.

జీపార్ పియాలా అందుకుని సమోవార్ కుళాయి తిప్పింది. నాలుగు గుక్కల దగ్గర ఆపలేదు. సగం దగ్గర ఆపలేదు. అంచు మీద చాయ్ ఉబ్బి నిలబడేదాకా నింపి, రెండు చేతులతో పట్టుకుని, నా ముందునుంచి నడిచి వెళ్ళి, పైచోటులో ఉన్న షెర్మత్ చేతిలో పెట్టింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.